జిన్‌సెంగ్ వేటలో కుక్క ముక్కుకు పనేమిటి?

కుక్కను వెంటబెట్టుకుని అడవికి జిన్‌సెంగ్ అనే మందు వేరు తవ్వడానికి వెళ్లారు అనగానే, కుక్క వాసన పట్టి చోటు చూపిస్తుంది, మనిషి తవ్వుకుంటాడు అనే అనుకుంటాం. ఇటలీ, ఫ్రాన్స్‌లలో ట్రఫుల్ అనే, నేల లోపల పెరిగే పుట్టగొడుగు కోసం కుక్కలు చేసే పని అదే కాబట్టి ఆ ఊహలో తప్పేమీ లేదు. కానీ అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ కొండల్లో తరతరాలుగా జిన్‌సెంగ్ తవ్వుకునేవాళ్ల వెంట వెళ్లే కుక్క మామూలుగా ఆ పని చేయదు. ఉడతను చూసి చెట్టు మొదట్లో నిలబడి మొరుగుతుంది, వాగులో దిగి ఒళ్లంతా తడుపుకుంటుంది. యజమాని మోకాళ్ల మీద కూర్చుని వేరు చుట్టూ మట్టి తీస్తుంటే పక్కన పడుకుని ఆవులిస్తుంది. మొక్కను పట్టేది మనిషి కన్నే. వింతేమిటంటే, జిన్‌సెంగ్ వాసన నిజంగా నేర్చుకున్న కుక్కలు కూడా అమెరికాలో ఉన్నాయి. అవి తవ్వేవాళ్ల దగ్గర కాకుండా, తవ్వేవాళ్లను పట్టుకునేవాళ్ల దగ్గర ఉన్నాయి.

మన దగ్గర జిన్‌సెంగ్ అంటే మందుల షాపులో దొరికే విటమిన్ క్యాప్సూల్ డబ్బా మీది పేరు. అశ్వగంధను, అంటే మన పెన్నేరు గడ్డను ‘ఇండియన్ జిన్‌సెంగ్’ అని అమ్మడం వల్ల రెండూ చుట్టాలే అనుకునేవాళ్లూ ఉన్నారు. వాటికి ఏ బంధుత్వమూ లేదు. అశ్వగంధది వంకాయ, మిరప కుటుంబం. జిన్‌సెంగ్ కుటుంబమే వేరు. అందులో చైనా, కొరియా వైపు పెరిగేది ఒకటి, ఉత్తర అమెరికా అడవుల్లో పెరిగేది మరొకటి. ఇక్కడ చెప్పుకునేది ఈ రెండోదాని గురించి. అపలాచియన్ పల్లెల్లో దీన్ని ముద్దుగా ‘స్యాంగ్’ అంటారు, తవ్వడానికి వెళ్లడాన్ని ‘స్యాంగింగ్’ అంటారు.

ఈ మొక్క బతుకంతా నిదానమే. రాలిన పండులోని గింజ మరుసటి వసంతంలో కూడా మొలవదు. ఏడాదిన్నరకు పైగా ఆకుల కింద పడి ఉండి, ఆ తర్వాతి వసంతంలో మూడంటే మూడు చిన్న ఆకులతో పైకి వస్తుంది. కాస్త పెరిగాక వావిలి ఆకులా ఒక్కో రెమ్మకు అయిదేసి రేకలు వస్తాయి, వాటిలో మూడు పెద్దవి, రెండు చిన్నవి. ఏళ్లు గడిచేకొద్దీ రెమ్మలు ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, ఎప్పుడో నాలుగు అవుతాయి. చలికాలం ముందు కాడ ఎండి రాలిపోతుంది. రాలిన చోట వేరు మెడ మీద ఒక మచ్చ మిగులుతుంది. ఏటా ఒక మచ్చ. ఆ మచ్చలు లెక్కపెట్టి మొక్క వయసు చెప్పేస్తారు. పాతికేళ్లు దాటినా బొటనవేలంత లావు లేని వేర్లు ఉంటాయి.

దీన్ని వెతకడం చదువులాంటిది. ఎండ మాడ్చని ఉత్తరపు వాలు, తూర్పు వాలు చూస్తారు. షుగర్ మేపుల్, ట్యులిప్ పోప్లార్, బాస్‌వుడ్ చెట్ల నీడ ఉందా, నేల నల్లగా గుల్లగా ఉందా అని చూస్తారు. జిన్‌సెంగ్‌తో కలిసి బతికే మొక్కలు కొన్నున్నాయి. బ్లాక్ కోహోష్, బ్లడ్‌రూట్, జాక్ ఇన్ ద పుల్పిట్ లాంటివి. రాటిల్‌స్నేక్ ఫెర్న్ అనే ఒక ఫెర్న్‌కు ‘స్యాంగ్ పాయింటర్’ అని పేరే ఉంది, అది కనిపిస్తే దగ్గర్లో అసలుది ఉండవచ్చని నమ్మకం. ఇవన్నీ కుదిరిన చోట కూడా జిన్‌సెంగ్ ఉండకపోవచ్చు. అయిదు రేకల వర్జీనియా క్రీపర్ తీగ కొత్తవాళ్లను రోజంతా ఏడిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ఒక్కో మొక్కను విడిగా వెతకరు. వాలు మీద కొంచెం పక్కకు నిలబడి మొత్తం పచ్చదనం మీద చూపు ఆనిస్తారు. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో మొక్క నడినెత్తిన ఎర్రటి పండ్ల గుత్తి ఉంటుంది. తర్వాత కొద్ది రోజులు ఆకులన్నీ ఒక లేత పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పసుపు ఇంకే మొక్కకూ రాదని పాతకాపులు అంటారు. ఆ రోజుల్లో చాలా దూరం నుంచే దొరికిపోతుంది. అక్టోబర్‌లో కాడ పడిపోయిందంటే ఇక నేల మీద ఆనవాలు ఉండదు.

ట్రఫుల్ కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ట్రఫుల్ నేల లోపలే పండుతుంది, గాలికి విత్తనాలు చల్లలేదు. ఎవరైనా జంతువు వచ్చి తవ్వి తింటేనే దాని సంతానం ఇంకో చోటికి పోతుంది. అందుకే పండగానే ఘాటైన వాసన వదులుతుంది, నన్ను తవ్వండి అని పిలుస్తుంది. కుక్క ముక్కు ఆ పిలుపును వింటుంది. జిన్‌సెంగ్ వేరుకు ఎవరితోనూ అలాంటి అవసరం లేదు. తవ్వితే దానికి చావే. అది పిలవాల్సింది గింజను మోసుకెళ్లే వాళ్లను, ఆ పిలుపు ఎర్రటి రంగులో ఉంది, పక్షుల కళ్ల కోసం. ఉడ్ థ్రష్ అనే పిట్ట ఆ పండ్లను మింగి గింజలను వేరే చోట కక్కేస్తుందని పరిశోధకులు గమనించారు. అంటే ఈ మొక్క కంటి కోసం అలంకరించుకున్నదే తప్ప ముక్కు కోసం కాదు. మనిషి ఆ పక్షి దారినే పట్టాడు. కొరియా కొండల్లో అడవి జిన్‌సెంగ్ వెతికే ‘సిమ్మాని’లు మొక్క దొరకగానే గట్టిగా ‘సిమ్ బత్తా’ అని అరుస్తారు. సిమ్‌ను, అంటే జిన్‌సెంగ్‌ను, చూశాను అని దాని అర్థం. దొరికింది అని కూడా అనరు, చూశాను అనే అంటారు.

అలాగని కుక్కకు నేర్పితే రాదని కాదు. ఆరెగాన్ రాష్ట్రంలో కిన్‌కేడ్స్ లుపైన్ అనే అరుదైన మొక్కను గడ్డి మైదానాల్లో వాసనతో పట్టేలా కుక్కలకు శిక్షణ ఇచ్చారు. మట్టి కింది వేరును పసిగట్టే కుక్కను తయారు చేయడం అసాధ్యమని ఎవరూ అనలేరు. కానీ అలాంటి కుక్క బాగా పనిచేసేది ఎప్పుడు? కాడ పడిపోయి మనిషికి ఏమీ కనిపించని రోజుల్లో. అప్పుడు తవ్వితే తవ్వేముందు వయసు తెలియదు, అక్కడే తిరిగి పాతడానికి పండ్లూ ఉండవు. పసివేరూ ముసలివేరూ ఒకే సంచిలోకి పోతాయి. ఆ పద్ధతి ఎక్కడా వాడుకలోకి రాకపోవడం ఈ మొక్క చేసుకున్న పుణ్యం.

మరి కుక్క ఎందుకు? ఒక కారణం ఉడతలు. వెస్ట్ వర్జీనియా లాంటి చోట్ల ఉడతల వేట, జిన్‌సెంగ్ తవ్వకం రెండూ సెప్టెంబర్‌లోనే మొదలవుతాయి. కొండవాళ్లు పెంచుకునే ఫైస్ట్, మౌంటెన్ కర్ జాతులు ఉడత ఎక్కిన చెట్టును పట్టి మొరిగే కుక్కలు. ఒక భుజాన తుపాకీ, నడుముకు చిన్న గుద్దలి, ముందు కుక్క. ఉడత దొరికితే కూర, స్యాంగ్ దొరికితే డబ్బు, రెండూ లేకపోతే నడక. అదే కొండల్లోని నార్త్ కరోలినా 1989లో ప్లాట్ హౌండ్ అనే వేటకుక్కను రాష్ట్ర కుక్కగా ప్రకటించుకుంది. ఆ కొండల్లో కుక్కకు ఎంత మర్యాదో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. రెండో కారణం ఒంటరితనం. స్యాంగ్ తవ్వేవాడు తన చోటు అన్నదమ్ముడికి కూడా చెప్పడు, అందుకే ఒక్కడే వెళ్తాడు. ఫోన్ సిగ్నల్ అందని లోయలో కాలు మడతపడితే పక్కన ఒక ప్రాణం ఉందన్న ధైర్యం చిన్నదేమీ కాదు. అయితే అదే కుక్క మొరిగితే ఆ రహస్యం లోయంతా వినిపిస్తుంది. పక్క గట్టు మీద ఇంకెవరైనా తవ్వుతుంటే, ఇక్కడేదో ఉందని వాళ్లకు తెలిసిపోయినట్టే.

కుక్కతో వెళ్తే వచ్చే చిక్కుల్లో మొదట చెప్పాల్సింది కందిరీగల గురించి. ఎల్లో జాకెట్ అనే కందిరీగలు నేలలో, పుచ్చిన దుంగల కింద గూళ్లు పెడతాయి. వేసవి చివరికి ఆ గూడు నిండుగా ఉంటుంది. సరిగ్గా జిన్‌సెంగ్ సీజన్ అది. కుక్క ఎక్కడైనా కాలితో గీకిందంటే అవి లేచి దాన్ని, దాని వెనక ఉన్న యజమానిని కలిపి తరుముతాయి. తర్వాత పాములు. కాపర్‌హెడ్, టింబర్ రాటిల్‌స్నేక్ రెండూ మన రక్తపింజరి కుటుంబంవే, ఎండుటాకుల్లో కలిసిపోతాయి. మనిషికి కాటు కాలికో చేతికో పడుతుంది. వాసన చూడటానికి వంగిన కుక్కకు మూతి మీదే పడుతుంది. ఎలుగుబంటి సంగతి వేరు. వదిలేసిన కుక్క దాన్ని చూసి మొరుగుతూ వెంటపడుతుంది, అది తిరగబడగానే ప్రాణం దక్కించుకోవడానికి నేరుగా యజమాని దగ్గరికే పరుగెత్తుకు వస్తుంది, ఎలుగుబంటిని వెంటేసుకుని. ఇక పిడుదులు. నల్లకాళ్ల పిడుదు లైమ్ జ్వరం తెస్తుంది. లోన్ స్టార్ అనే ఇంకో పిడుదు కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుంది. మటన్, బీఫ్, పోర్క్ ఏది తిన్నా కొన్ని గంటల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. కుక్క బొచ్చులో ఇంటిదాకా వచ్చి మనిషిని ఎక్కే పిడుదులు తక్కువేం కాదు. వేట సీజన్ కాబట్టి కుక్కకూ మనిషికీ నారింజ రంగు జాకెట్ తప్పనిసరి అనుకోవాలి. వీటన్నిటి పక్కన చిన్న విషయంలా కనిపించేది ఒకటుంది, డబ్బు దగ్గర అదే పెద్దది. యజమాని తవ్వడం చూసి కుక్క కూడా సాయం చేయబోతే వేరు తెగుతుంది. మెడ, కాళ్లు, సన్న వేళ్లు అన్నీ ఉన్న వేరుకూ విరిగిన వేరుకూ ధరలో పోలిక ఉండదు.

ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ వేటలోని తొందర అర్థమవుతుంది. చైనాలో పనిచేసిన జార్తూ అనే జెస్యూట్ పాదిరి 1711లో అక్కడి జిన్‌సెంగ్ గురించి వివరంగా ఉత్తరం రాస్తూ, ఇలాంటి కొండలూ అడవులూ ఉన్న కెనడాలో కూడా ఇది ఉండవచ్చని అన్నాడు. ఆ ఉత్తరం చదివిన లాఫితో అనే మరో జెస్యూట్ మాంట్రియల్ దగ్గర మోహాక్ అనే ఆదివాసీ ప్రజల మధ్య ఉంటూ, 1716లో దాన్ని కనిపెట్టాడు. కనిపెట్టాడు అన్న మాట కొంచెం ఎక్కువే, ఆ మొక్క మోహాక్‌ల మందుల్లో అప్పటికే ఉంది. ఆ వెంటనే ఎగుమతి మొదలైంది. 1750లలో ధర పెరిగేసరికి జనం వేళ కాని వేళలో తవ్వి, పొయ్యిల్లో ఆదరాబాదరాగా ఎండబెట్టి పంపారు. చైనా వర్తకులు ఆ సరుకు ముట్టుకోలేదు, కెనడా వ్యాపారం కుప్పకూలింది. ‘జిన్‌సెంగ్ పడినట్టు పడింది’ అన్న సామెత అక్కడి ఫ్రెంచి వాడుకలో మిగిలిపోయింది. అమెరికా స్వతంత్రమయ్యాక చైనాకు పంపిన మొదటి వర్తక నౌక ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ 1784 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి బయల్దేరినప్పుడు అందులో దాదాపు 30 టన్నుల జిన్‌సెంగ్ ఉంది. సరిహద్దు వీరుడిగా పేరున్న డేనియల్ బూన్ కూడా ఈ సరుకు కొని పడవలో పంపబోయి, ఒహాయో నదిలో పడవ మునిగి నష్టపోయాడు.

ఇప్పటికీ అడవి వేరు ఎక్కువగా హాంకాంగ్ మీదుగా చైనాకే పోతుంది. గత పదిహేనేళ్లలో ఎండిన అడవి వేరు పౌండు 500 డాలర్లకు పైగా పలికిన ఏళ్లు చాలా ఉన్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రం మారథాన్ కౌంటీలో పందిళ్ల కింద సాగుచేసే జిన్‌సెంగ్‌కు అందులో పదో వంతు కూడా రాని సందర్భాలే ఎక్కువ. మొక్క ఒకటే. కానీ పొలంలో ఎరువు తిని మూడు నాలుగేళ్లలో తెల్లగా బలిసిన వేరుకు, రాళ్ల మధ్య పెనుగులాడి ముడతలు పడిన వేరుకున్న ముఖం ఉండదు. కొనేవాళ్లకు కావలసింది ఆ ముడతలే, మనిషి ఆకారమైతే ఇంకా మంచిది. ఎండిన పౌండుకు 200 నుంచి 300 వేర్లు కావాలి. గని మూతపడిన ఊళ్లో పిల్లల స్కూలు బూట్లకో ఇంటి పన్నుకో డబ్బు వెతుక్కునే మనిషికి ఆ 300 మొక్కలు చాలా పెద్ద ఆశ. మత్తుమందు కోసం డబ్బు వెతుక్కునేవాడికి కూడా అంతే. నియమం పాటించేది ఎవరు, పాటించనిది ఎవరు అన్నది చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

నియమాలైతే స్పష్టంగానే ఉన్నాయి. 1975 నుంచి అమెరికన్ జిన్‌సెంగ్, అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన శేషాచలం ఎర్రచందనం ఉన్నది కూడా అదే అనుబంధంలోనే, అది 1995లో చేరింది. కొండల్లో నెమ్మదిగా పెరగడం, కొనేవాళ్లు తూర్పు ఆసియాలో ఉండటం, నరికేవాడికి దక్కేది చిల్లర కావడం, ఈ రెండు కథల్లో చాలా భాగం ఒకేలా నడుస్తుంది. తేడా ఏమిటంటే, జిన్‌సెంగ్‌ను సామాన్యుడు చట్టప్రకారం తవ్వుకోవచ్చు. అమెరికాలో 19 రాష్ట్రాల నుంచి అడవి వేరు ఎగుమతికి అనుమతి ఉంది. మొక్కకు కనీసం అయిదేళ్లు నిండాలి, ఇల్లినాయ్‌లో పదేళ్లు. చాలాచోట్ల సెప్టెంబర్ 1కి ముందు తవ్వకూడదు, ఎందుకంటే అప్పటికి గానీ పండ్లు చాలావరకు ఎర్రబడవు. ఎర్రబడిన పండ్లను తవ్విన చోటే పాతాలని అనేక రాష్ట్రాల్లో చట్టమే చెబుతుంది. సొంత భూమి కాకపోతే యజమాని అనుమతి, వెస్ట్ వర్జీనియాలో అయితే రాతపూర్వకంగా, దగ్గర ఉండాలి. నార్త్ కరోలినాలోని నాంటాహాలా, పిస్గా జాతీయ అడవుల్లో ఒకప్పుడు పర్మిట్లు ఇచ్చేవారు, మొక్కలు తగ్గిపోవడంతో 2021లో ఆపేశారు. తవ్వకాన్ని మాత్రమే నిందిస్తే అన్యాయం. జింకలు ఈ మొక్కను ఇష్టంగా తింటాయి. వెస్ట్ వర్జీనియాలో జరిగిన పరిశోధన 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. జింకల మేత ఇదే స్థాయిలో సాగితే తాము గమనించిన చోట్ల జిన్‌సెంగ్ ఒక శతాబ్దంలో దాదాపు తుడిచిపెట్టుకుపోతుందని అది లెక్క కట్టింది.

జాతీయ పార్కుల్లో మాత్రం ఏ సడలింపూ లేదు. లాంగ్ వీకెండ్ వస్తే అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు కార్లేసుకుని వెళ్లే గాట్లిన్‌బర్గ్ పక్కనే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు ఉంది. అక్కడ ఒక్క వేరు పీకినా ఆరు నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా దాకా పడవచ్చు. పెంపుడు కుక్కకు కూడా ఆ పార్కులో రెండే రెండు కాలిబాటల్లో ప్రవేశం, అదీ ఆరడుగుల తాడుతో. గాట్లిన్‌బర్గ్ ట్రయల్, ఒకోనలఫ్టీ రివర్ ట్రయల్. కాబట్టి ఆ అడవిలో లోతుగా, బాటకు దూరంగా, కుక్కతో, గుద్దలితో కనిపించిన మనిషి నోరు విప్పకముందే సగం నేరం ఒప్పుకున్నట్టే.

ఇండియానా రాష్ట్ర సహజ వనరుల శాఖ 1997లో రెండు జట్లతో కుక్కల దళం మొదలుపెట్టింది. ఆ కుక్కలు మనిషి జాడ పడతాయి, దాచిన జింక మాంసం, అడవి టర్కీ కోడి, బాతులతో పాటు జిన్‌సెంగ్ వాసన కూడా గుర్తుపడతాయి. తర్వాత ఒహాయో వన్యప్రాణి విభాగం కూడా ఇలాంటి దళాన్ని పెట్టుకుంది. ఇక్కడ ముక్కు ఎందుకు పనికొచ్చిందంటే, ఇది కొండంతా గాలించే పని కాదు. వేరు అప్పటికే నేలలోంచి బయటికి వచ్చి, మట్టితో, తడితో, ఒకచోట కుప్పగా ఉంటుంది. ట్రక్కు సీటు కింద సంచిలో, అధికారులను చూడగానే దొంగ పొదలోకి విసిరేసిన బ్యాగులో, కొట్టం వెనక ఆరబెట్టిన జల్లెడలో ఉంటుంది. సీజన్ మొదలు కాకముందే అలాంటి సరుకు దొరికితే కేసుకు అదే చాలు.

సీజన్‌లో దొరికితే మాత్రం కుక్క సాయం సగంలో ఆగిపోతుంది. ఇది జిన్‌సెంగ్ అని అది చెప్పగలదు, పార్కులోంచి తెచ్చిందో తాతగారి స్థలంలోంచి తెచ్చిందో చెప్పలేదు. ఆ ప్రశ్న కోసం గ్రేట్ స్మోకీ పార్కు సిబ్బంది ఇంకో దారి పట్టారు. ఎదుగుతున్న మొక్కల వేర్లకు ముందే ఒక రంగు పట్టించి పెడతారు, కడిగినా అది పోదు. వ్యాపారి దగ్గర తనిఖీలో ఆ రంగున్న వేరు కనిపిస్తే అది ఎక్కడిదో ఇక వాదించడానికి ఉండదు. కోర్టు పని అయ్యాక, ఇంకా పచ్చిగా ప్రాణంతో ఉన్న వేర్లను సిబ్బంది మళ్లీ కొండ మీదికి మోసుకెళ్లి, చోటు ఎవరికీ చెప్పకుండా, ఆ రంగుతోనే పాతిపెడతారు.